ఏనుగుల ముందు 19 సెకన్లు

ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. శాండియాగో జూలో ఏనుగుల ఆవరణ ముందు ఒక కుర్రాడు నిలబడి ఉంటాడు. వెనక ఏనుగులు తమ పని తాము చూసుకుంటూ ఉంటాయి. ఆ కుర్రాడు కాస్త మొహమాటంగా కెమెరా వైపు చూస్తూ, వీటికి తొండాలు చాలా పొడుగ్గా ఉంటాయి, అది భలే ఉంది, ఇంతకుమించి చెప్పడానికేం లేదు అన్న అర్థం వచ్చే నాలుగు ముక్కలు చెబుతాడు. 19 సెకన్లు. అయిపోయింది.

అతని పేరు జావెద్ కరీమ్. అప్పటికి 25 ఏళ్ళు. యూట్యూబ్ పెట్టిన ముగ్గురిలో ఒకడు. 2005 ఏప్రిల్ 23న ఆ సైట్లోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో ఇదే, పేరు ‘మీ ఎట్ ద జూ’. కెమెరా పట్టుకున్నది అతని హైస్కూలు స్నేహితుడు. ఈ వీడియో గురించి రాసేవాళ్ళంతా దాదాపు ఒకే కథ చెబుతారు. స్టూడియో లేదు, స్క్రిప్టు లేదు, మేకప్ లేదు, ఒక మామూలు మనిషి ఒక మామూలు మాట చెప్పాడు, ప్రపంచం మారిపోయింది అని. ఆ కథతో నాకు పేచీ ఏమీ లేదు. కాకపోతే అది సగం కథ. మిగతా సగం ఇంకో మూడు నెలలకి, అంటే జులై 19న, ముగ్గురిలో మరొకడైన స్టీవ్ చెన్ మిగతా ఇద్దరికీ రాసిన ఈమెయిల్లో ఉంది. జావెద్, దయచేసి దొంగ వీడియోలు మన సైట్లో పెట్టడం మానెయ్ అని మొదలవుతుంది ఆ ఉత్తరం. సైట్లో ఉన్న సరుకు మేం పెట్టింది కాదు, జనం పెట్టింది అని రేపు మనం చెప్పుకోవాలి కదా, పెట్టినవాళ్ళలో ఒకడు తనే వేరే సైట్ల నుంచి తెచ్చి పడేస్తుంటే ఆ మాట ఎలా నిలబడుతుంది అన్నది చెన్ బాధ.

ఏనుగుల ముందు నిలబడ్డ మనిషీ, ఆ ఉత్తరంలో చీవాట్లు తిన్న మనిషీ ఒక్కడే. ఇంటర్నెట్ చరిత్ర రాసేటప్పుడు ఈ రెండో మనిషిని మనం ఎందుకో పక్కకి నెట్టేస్తాం. నన్నడిగితే యూట్యూబ్ అంటే ఏమిటో అర్థం కావడానికి ఇద్దరూ కావాలి.

ఇప్పుడు యూట్యూబ్‌ని ఫైల్ షేరింగ్ సైటు అంటే ఎవరైనా నవ్వుతారు. 2005లో నవ్వేవాళ్ళు కాదు. మన దగ్గరున్న ఫైలు ఇంకొకరికి చేరేసే సాధనమే అది, ఫైలు పాట కాకుండా బొమ్మ, అంతే తేడా. ఆ రోజుల్లో ఈ వ్యాపారం పెట్టినవాడు ఎవడైనా ఎప్పుడో ఒకప్పుడు కోర్టు మెట్లు ఎక్కాల్సిందే. 1999లో షాన్ ఫ్యానింగ్ అనే 18 ఏళ్ళ కాలేజీ కుర్రాడు నాప్‌స్టర్ పెట్టాడు. 2001 జులై కల్లా అది మూతపడింది. తర్వాత వచ్చిన గ్రాక్‌స్టర్, కజా లాంటివి నాప్‌స్టర్ చేసిన పొరపాటు మేం చెయ్యం, మా దగ్గర పాటల జాబితా కూడా ఉండదు అన్నాయి. 2005 జూన్ 27న అమెరికా సుప్రీం కోర్టు గ్రాక్‌స్టర్ కేసులో తీర్పిచ్చింది. కాపీరైటు ఉల్లంఘించమని జనాన్ని ప్రోత్సహించే సరంజామా తయారుచేసినవాడు, ఆ ఉల్లంఘనకి తనూ బాధ్యుడే అని. తొమ్మిది మంది జడ్జీలదీ ఒకే మాట. యూట్యూబ్‌లో ఏనుగుల వీడియో ఎక్కి అప్పటికి రెండు నెలలు. చెన్ భయపడుతూ ఆ ఉత్తరం రాసింది ఈ తీర్పు వచ్చిన మూడు వారాలకి. తేదీలు ఇలా పక్కపక్కన పెట్టి చూస్తే ఆ భయానికి ఒక మొహం కనిపిస్తుంది.

కరీమ్ ఎక్కడి నుంచి వచ్చాడో కొంచెం చెప్పాలి. పుట్టింది 1979లో, తూర్పు జర్మనీలోని మెర్సెబుర్గ్‌లో. తండ్రి నయీముల్ కరీమ్ బంగ్లాదేశ్ మనిషి, పరిశోధకుడు. తల్లి క్రిస్టీన్ జర్మన్, జీవరసాయన శాస్త్రం ఆవిడది. పరాయివాళ్ళంటే పడని మనుషుల మధ్య ఉండలేక ఎనభైల మొదట్లో సరిహద్దు దాటి పశ్చిమ జర్మనీలోని నోయిస్ అనే ఊరు చేరారు. అక్కడా అదే చూపు, అవే మాటలు. 1992లో అమెరికా వచ్చి మినిసోటాలోని సెయింట్ పాల్‌లో స్థిరపడ్డారు. పన్నెండేళ్ళు వచ్చేసరికి మూడో దేశం, రెండో భాష. అతని గురించి రాసినవాళ్ళు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు. నాకు మాత్రం ఏనుగుల ముందు ఆ నిలబడ్డ తీరులో, తనని ఎవరో చూస్తున్నారన్న ఆ స్పృహలో ఇదంతా ఎక్కడో ఉందేమో అనిపిస్తుంది. అది నా ఊహే అనుకోండి.

చదువు ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో. మొజాయిక్ బ్రౌజర్ పుట్టిన చోటు అది. దాన్ని తయారుచేసిన మార్క్ ఆండ్రీసెన్ చదివిన చోట తనూ చదవాలన్నది కరీమ్ కోరిక. 2000లో డిగ్రీ పూర్తి కాకుండానే పేపాల్‌లో ఉద్యోగానికి వెళ్ళిపోయాడు (అమ్మానాన్నలిద్దరూ పరిశోధకులున్న ఇంట్లో ఈ వార్త ఎలా చెప్పి ఉంటాడో మరి). మిగిలిన సబ్జెక్టులు ఉద్యోగం చేస్తూ తర్వాత కట్టుకున్నాడు. పేపాల్‌లో అతను చేసిన పని ఏమిటో చూడండి. దొంగ లావాదేవీలని అప్పటికప్పుడు పసిగట్టే వ్యవస్థ రూపొందించడం. దొంగల్ని పట్టే ప్రోగ్రాములు రాసినవాడికే తర్వాత దొంగ వీడియోలు పెట్టకు నాయనా అని ఉత్తరం వచ్చింది.

స్టీవ్ చెన్, చాడ్ హర్లీ పరిచయమైంది పేపాల్‌లోనే. చెన్ తైవాన్‌లో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చాడు, చదివింది కరీమ్ చదివిన విశ్వవిద్యాలయంలోనే. హర్లీ డిజైనరు, పేపాల్ లోగో గీసింది అతనే. 2002లో ఈబే 150 కోట్ల డాలర్లు పెట్టి పేపాల్‌ని కొన్నాక ఈ కుర్రాళ్ళ చేతుల్లో కొంత డబ్బూ, బోలెడంత తీరికా మిగిలాయి.

యూట్యూబ్ ఆలోచన ఎలా పుట్టిందన్నదానికి రెండు కథలున్నాయి. హర్లీ, చెన్‌ల కథ ప్రకారం 2005 జనవరిలో చెన్ ఇంట్లో రాత్రి విందు జరిగింది, అక్కడ తీసిన వీడియోలు ఒకరికొకరు పంపుకోవడం కుదరలేదు, దాంతో ఆలోచన వచ్చింది. పత్రికలకి ఈ కథ బాగా నచ్చింది. కరీమ్ మాత్రం ఆ విందే జరగలేదన్నాడు. ఆ కథని అమ్మకానికి వీలుగా కొంత నునుపు చేశామని తర్వాత చెన్ కూడా ఒప్పుకున్నాడు.

కరీమ్ కథ వేరు. 2004లో రెండు సంగతులు జరిగాయి. ఫిబ్రవరిలో సూపర్ బౌల్ ఆట మధ్యలో జానెట్ జాక్సన్ దుస్తులు జారిన ఘటన. డిసెంబర్ 26న సునామీ. రెంటినీ కెమెరాలు పట్టాయి, కానీ ఆ వీడియో చూడాలంటే ఎక్కడికెళ్ళాలో తెలియదు. ఆ ఆదివారం పౌర్ణమి. మన కోస్తా జిల్లాల్లో కూడా వందమందికి పైగా పోయారు. కెరటం వచ్చినప్పటి వీడియోలు లేకపోలేదు. సముద్రం ఒడ్డున సెలవులకి వెళ్ళినవాళ్ళ హ్యాండీక్యామ్‌లలో, డిజిటల్ కెమెరాల్లో ఉన్నాయి. వాటిని నెట్లో పెట్టినవాడి సైటుకి జనం ఎగబడితే గంటల్లో సైటు కుప్పకూలేది, లేదా నెలాఖరున బ్యాండ్‌విడ్త్ బిల్లు చూసి పెట్టినవాడే కుప్పకూలేవాడు. చూసేవాడి తిప్పలు చూసేవాడివి. ఒక దానికి రియల్ ప్లేయర్ కావాలి, ఇంకో దానికి విండోస్ మీడియా, మరో దానికి క్విక్‌టైమ్. ఆ రోజుల్లో నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి, సగం సమయం ‘బఫరింగ్’ అన్న మాట చూస్తూ గడిపినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. యూట్యూబ్ సాంకేతికంగా చేసిన గొప్ప పని ఒక్కటే. ఎవడు ఏ రకం ఫైలు ఇచ్చినా దాన్ని ఫ్లాష్‌లోకి మార్చి, బ్రౌజర్లోనే ఆడించింది. డౌన్‌లోడ్ అన్న మాట లేకుండా చేసింది. ఫైలు పంచుకుంటున్నామన్న సంగతి పంచుకునేవాడికే తెలియకుండా పోయింది.

2005 ఫిబ్రవరి 14న పేరు రిజిస్టరు చేశారు. ప్రేమికుల రోజు. మొదట అనుకున్నది పెళ్ళిచూపుల లాంటి సైటు మరి! ఆడవాళ్ళూ మగవాళ్ళూ తమ గురించి తాము వీడియోలో చెప్పుకోవాలి, నచ్చినవాళ్ళు మాట కలపాలి. ఎవరూ రాలేదు. లాస్ వేగస్, లాస్ ఏంజెలిస్ ఊళ్ళలో క్రెయిగ్స్‌లిస్టులో ప్రకటన ఇచ్చారు, వీడియో పెట్టే అమ్మాయిలకి 20 డాలర్లు ఇస్తామని. అయినా ఒక్కరు రాలేదు. ఖాళీ సైటు బావుండదని కరీమ్ విమానాల వీడియోలు పెట్టడం మొదలెట్టాడు, 747లు ఎగరడం, దిగడం. ఏనుగులు కూడా ఈ ఖాళీ నింపే కార్యక్రమంలో భాగమే. ఆ 19 సెకన్లలో చెప్పడానికేమీ లేకపోవడం మనకిప్పుడు ఒక కళలా కనిపిస్తుంది గానీ, అది కొత్త ఇంట్లో కుళాయి తిప్పి నీళ్ళు వస్తున్నాయా లేదా చూసుకోవడం లాంటి పని.

మళ్ళీ ఈమెయిళ్ళ దగ్గరికి వస్తాను, అసలు కథ అక్కడే ఉంది. జులై 19న కరీమ్‌ని మందలించిన చెన్, పదిరోజులకి, జులై 29న, పోటీ సైట్లలో ఉన్న వీడియోల ప్రస్తావన వచ్చినప్పుడు, ఎత్తుకొచ్చెయ్ అని రాశాడు. ఈసారి ఆగి, సినిమాలని ఎత్తుకురమ్మంటావా అని అడిగింది హర్లీ. చెన్ జవాబు సారాంశం ఇది: మనకి జనం రావాలి, సొంత వీడియోలకి ఎంతమంది వస్తారు, ఇన్నాళ్ళలో మన ట్రాఫిక్ పెరిగిందంటే ఇలాంటి వీడియో వల్లే కదా.

సొంత వీడియోలకి ఎంతమంది వస్తారు? ఈ ప్రశ్న వేసే నాటికి ఏనుగుల వీడియో ఎక్కి మూడు నెలలైంది. అంటే ఆ ముగ్గురికీ ఒక విషయం తెలుసు. జూ దగ్గర నిలబడి మాట్లాడేవాడిని చూడ్డానికి జనం రారు. వాళ్ళు వేరే దాని కోసం వస్తారు. అలా వచ్చి, ఉండిపోయి, అలవాటుపడ్డాక, అప్పుడు జూ దగ్గర నిలబడ్డవాణ్ణి కూడా చూస్తారు. నిజంగా జరిగిందీ అదే. 2005 డిసెంబర్‌లో సాటర్డే నైట్ లైవ్ కార్యక్రమంలోని ‘లేజీ సండే’ అనే చిన్న పాటని ఎవరో ఎక్కిస్తే లక్షలమంది చూశారు. ఫిబ్రవరిలో ఎన్‌బీసీ వాళ్ళు తీయించేశారు. పాట పోయింది, దాని కోసం వచ్చిన జనం పోలేదు.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళు యూట్యూబ్‌కి అలవాటుపడిందీ ఇలాగే. 2006 మార్చిలో యూట్యూబ్ వీడియో నిడివిని పది నిమిషాలకి కుదించింది, టీవీ కార్యక్రమాలూ సినిమాలూ ఎక్కించకుండా ఉంటారని. మనవాళ్ళు ఊరుకుంటారా? మూడు గంటల సినిమాని 18 ముక్కలు చేశారు. 2007, 2008 ప్రాంతంలో నేను చూసిన పాత తెలుగు సినిమాలు సగం ఇలా ముక్కల్లో చూసినవే. ముక్క ఎక్కడ తెగాలో నిర్ణయించేది కత్తిరించినవాడు కాదు, గడియారం. చరణం మధ్యలో పాట తెగేది. ఎస్వీ రంగారావు నోరు తెరుస్తాడు, మాట తర్వాతి భాగంలో వినాలి. ఒక్కోసారి అన్నీ ఉండి ఏడో భాగం ఒక్కటే ఉండదు, ఎవరో ఫిర్యాదు చేసి తీయించి ఉంటారు. ఎక్కించినవాళ్ళు ఎవరో ఇప్పటికీ తెలీదు. వాళ్ళ పేర్లు ఏవో అంకెలు కలిసిన ఇంగ్లీషు ముక్కలు. వీడియో కింద అమెరికా నుంచో గల్ఫ్ నుంచో ఎవరో రాసేవారు, మా నాన్నకి ఈ సినిమా చూపించాను, చాలా థాంక్స్ అండీ అని.

వాళ్ళకి హక్కులు లేవు. హక్కులున్నవాళ్ళకేమో ఎక్కించాలన్న ఆలోచన అప్పటికి లేదు. తర్వాత వచ్చింది, నిడివి పరిమితి పోయాక మంచి ప్రింట్లతో, మూలన లోగోతో కంపెనీలే పెట్టాయి. మంచిదే. కానీ సినిమాకి యజమాని ఉంటాడు కాబట్టి అది జరిగింది. ఎప్పుడో రేడియోలో వచ్చిన నాటకాన్ని టేప్ రికార్డరు దగ్గర పెట్టుకుని పట్టినవాడు, దూరదర్శన్లో వచ్చిన కవి ఇంటర్వ్యూని వీసీఆర్‌లో దాచినవాడు, ఆ క్యాసెట్‌కి బూజు పట్టే లోపల ఎక్కించకపోతే ఆ గొంతులు మనకి లేవు. అలాంటి ఖాతా ఒకటి మూతపడితే దానితో పాటు పోయేది ఏమిటో కాపీరైటు నోటీసులో ఉండదు. సాహిత్యం చదివేవాళ్ళకి, అంటే మనకి, ఈ దొంగతనం అనే మాటతో ఇబ్బంది ఇక్కడే వస్తుంది. కళాకారుడికి రావాల్సిన డబ్బు ఎగ్గొట్టడం తప్పని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. ఆ టేపు దాచినవాణ్ణి అదే పేరుతో పిలవడానికి మాత్రం నోరు రాదు.

చట్టం ఈ తేడాని చూడదు. అది చూసే తేడా ఇంకొకటి, కొంచెం వింతైనది. 1998లో అమెరికా చేసిన డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టంలో ఒక ఆశ్రయం ఉంది. జనం చెప్పినట్టు వాళ్ళ ఫైళ్ళు దాచిపెట్టే సంస్థకి, ఫలానా ఫైలు దొంగదని తెలియనంత వరకు, నోటీసు రాగానే తీసేసినంత వరకు, బాధ్యత లేదు. నాప్‌స్టర్ తన దగ్గర ఒక్క పాట కూడా పెట్టుకోలేదు, పాటలన్నీ జనం కంప్యూటర్లలోనే ఉండేవి. అది ఓడిపోయింది. యూట్యూబ్ ప్రతి వీడియోనీ తన సర్వర్లలోనే పెట్టుకుంది. అది గెలిచింది. ఆ గెలుపుకి షరతు ఒక్కటే: పెట్టింది జనమై ఉండాలి. చెన్ ఉత్తరంలోని కంగారంతా ఆ ఒక్క షరతు గురించే. స్థాపించినవాడే జనంలో ఒకడిలా ప్రవర్తిస్తే ఎలా?

కరీమ్ నిజంగా జనంలో ఒకడిలానే ప్రవర్తించాడు. నచ్చింది కనిపిస్తే తెచ్చి నలుగురికీ చూపించాడు. ఆ సైటుని ఎవరి కోసం కట్టారో ఆ మనిషి అతనే.

2006 మార్చి నాటికి అతనిలో ఇంకో మనిషి కనిపిస్తాడు. అప్పటికే స్టాన్‌ఫర్డ్‌లో పీజీ చదువుకి వెళ్ళిపోయాడు, కంపెనీలో ఉద్యోగి కాదు, సలహాదారు. బోర్డుకి ఒక నోటు రాశాడు. ఫ్యామిలీ గయ్, సౌత్ పార్క్, డైలీ షో లాంటి కార్యక్రమాల ముక్కలు ఇంకా మన సైట్లో దొరుకుతున్నాయి, కాపీరైటు సరుకు వల్లే మనకింత పేరొచ్చిందని అనేవాళ్ళకి ఇవి సులువైన ఆధారం, అడక్కముందే మనమే తీసేస్తే మంచిది అని. ఎనిమిది నెలల కిందట చీవాట్లు తిన్నవాడు రాసిన నోటు ఇది. బుద్ధి వచ్చిందనుకోవచ్చు. బయట నిలబడి చూస్తే ఇల్లు ఎటు ఒరుగుతోందో బాగా కనిపిస్తుందని కూడా అనుకోవచ్చు. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

బయట నిలబడ్డమంటే డబ్బు విషయంలో కూడా. చదువుకి వెళ్తున్నాడు కాబట్టి వాటా తక్కువ తీసుకున్నాడు. కంపెనీకి మొదట 35 లక్షల డాలర్ల పెట్టుబడి పెట్టిన సెకోయా సంస్థలోని రోలోఫ్ బోథా, అతన్ని చదువు వాయిదా వేసుకోమని ఒప్పించడానికి చాలా ప్రయత్నించామని చెప్పాడు. వినలేదు. 2006 అక్టోబర్ 9న గూగుల్ 165 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి యూట్యూబ్‌ని కొన్నది. అప్పటికి రోజుకి 10 కోట్ల వీడియోలు చూస్తున్నారు అక్కడ. హర్లీ, చెన్ ఆ వార్త చెబుతూ వీధిలో నిలబడి నవ్వుతూ ఒక వీడియో పెట్టారు. అందులో కరీమ్ లేడు. హర్లీకి దాదాపు 34.5 కోట్ల డాలర్ల షేర్లు, చెన్‌కి 32.6 కోట్లు, కరీమ్‌కి 6.4 కోట్లు వచ్చాయి. తక్కువేం కాదు. కానీ యూట్యూబ్ పుట్టుక కథ పత్రికల్లో ఇద్దరి కథగా మారిపోవడానికి ఆ నిష్పత్తి కూడా ఒక కారణం. చరిత్రలో కూడా వాటాలుంటాయేమో! లేని విందు కథలో మూడో మనిషికి చోటు లేకుండా పోయింది.

2007 మార్చిలో వయాకామ్ వంద కోట్ల డాలర్లకి దావా వేసింది. తమవి లక్షా 60 వేల క్లిప్పులు యూట్యూబ్‌లో ఉన్నాయని, 150 కోట్ల సార్లు చూశారని దాని ఆరోపణ. పైన నేను చెప్పిన ఈమెయిళ్ళూ, ఆ నోటూ బయటికొచ్చింది ఈ కేసులోనే, 2010 మార్చిలో కోర్టు ఆ కాగితాలు విప్పినప్పుడు. సందర్భం లేకుండా ఏరుకొచ్చిన ముక్కలు ఇవి అని యూట్యూబ్ వాదించింది. అంతేకాదు, వయాకామే తన కార్యక్రమాల ముక్కలు దొంగచాటుగా యూట్యూబ్‌లో పెట్టించుకుందని ఎదురు ఆరోపణ చేసింది. దానికోసం 18 మార్కెటింగ్ ఏజెన్సీలు పనిచేశాయట. దొంగ ప్రింటులా కనబడ్డానికి వీడియోని కావాలని పాడుచేసేవారట. ఆచూకీ దొరక్కుండా ఉద్యోగుల్ని జెరాక్స్ షాపులకి పంపి అక్కడి కంప్యూటర్ల నుంచి ఎక్కించేవారట. యూట్యూబ్ లాయరు రాసిన ఈ జాబితా చదివితే ఆ కాలమంతా కళ్ళకి కడుతుంది. సైటు పెట్టినవాడు జనంలా నటించలేక దొరికిపోయాడు, సినిమా కంపెనీ మాత్రం జనంలా వేషం కట్టింది.

జడ్జి లూయీ స్టాంటన్ 2010 జూన్‌లో యూట్యూబ్ పక్షాన తీర్పిచ్చాడు. దొంగ సరుకు ఉందని స్థూలంగా తెలిస్తే చాలదు, ఫలానా వీడియో అని తెలియాలి అన్నాడు. 2012లో పై కోర్టు ఆ తీర్పు పక్కనపెట్టి మళ్ళీ చూడమంది. 2013లో స్టాంటన్ మళ్ళీ అదే మాటన్నాడు. 2014 మార్చిలో రాజీ అయిపోయారు. ఏడేళ్ళు. ఈలోగా ప్రతి అప్‌లోడునీ హక్కుదారుల నమూనాలతో పోల్చి చూసే యంత్రం వచ్చింది, హక్కుదారులు వీడియో తీసేయించడం మాని దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవడం నేర్చుకున్నారు. నాప్‌స్టర్ కుర్రాడికి ఎవరూ ఇవ్వని సమయం అది. అతను కోర్టులో ఉన్న రోజుల్లో వెనక గూగుల్ లేదు.

కరీమ్ 2008లో ఇద్దరు పాత పేపాల్ మిత్రులతో కలిసి యూనివర్సిటీ వెంచర్స్ అనే పెట్టుబడి సంస్థ పెట్టాడు. విద్యార్థులూ, అప్పుడే చదువు ముగించినవాళ్ళూ పెట్టే కంపెనీలకి డబ్బూ సలహా ఇవ్వడం దాని పని. ఎయిర్‌బీఎన్‌బీ తొలి రోజుల్లోనే డబ్బు పెట్టినవాళ్ళలో వీళ్ళున్నారు. ఇంటర్వ్యూలు అరుదు. తన పేరు మీద ఉన్న ఛానల్లో ఏనుగుల తర్వాత ఇంకేమీ ఎక్కించలేదు. అయినా లక్షల్లో సబ్‌స్క్రైబర్లున్నారు, దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలీదు. వీడియోలు తీసి బతికేవాళ్ళని ఇవాళ క్రియేటర్లంటున్నాం. ఆ జాతిలో మొదటివాడు ఒక్క వీడియోతో విరమించాడు.

పూర్తిగా విరమించాడని కూడా అనలేం. వీడియో కింద వివరణ రాసే చోటుని అతను ఊరి రచ్చబండలా వాడుకుంటాడు. 2013 నవంబర్‌లో, వ్యాఖ్య రాయాలంటే గూగుల్ ప్లస్ ఖాతా ఉండాల్సిందేనని గూగుల్ నియమం పెట్టినప్పుడు, ఒక వీడియో మీద మాట చెప్పడానికి నాకు ఆ ఖాతా ఎందుకురా అని బూతు కలిపి అడిగాడు. 2015లో ఆ నియమం పోయింది, 2019లో గూగుల్ ప్లస్సే పోయింది. 2021 నవంబర్‌లో డిస్‌లైకుల లెక్క కనబడకుండా చేసినప్పుడు మళ్ళీ వచ్చి, వీడియోలు చేసేవాళ్ళంతా ఇది తెలివితక్కువ పని అంటున్నారంటే బహుశా అది తెలివితక్కువ పనే అయి ఉంటుంది, ఇంకోసారి ప్రయత్నించండి అని ఏనుగుల కింద రాశాడు. పత్రికలు వార్త చేశాయి. యూట్యూబ్ జవాబివ్వలేదు, లెక్క ఇంకా దాచే ఉంది.